పడవ అంచు మీద దరువు

పడవ ముందు భాగంలో ఒక పెద్దావిడ కూర్చుని అంచు మీద వేళ్ళతో దరువు వేస్తుందనీ, ఆ దరువు వింటూ వెనక ఉన్నవాడు పడవ నడుపుతాడనీ, ఇది కెనడా ఉత్తరాన ఉండే మా క్రీ ఆదివాసులకి అనాదిగా వస్తున్న ఆచారమనీ మా ఊరి రేవు దగ్గర బోర్డు మీద రాసి ఉంది. ఊరు చూడటానికి వచ్చినవాళ్ళు దాని పక్కన నిలబడి ఫొటోలు తీయించుకుంటారు. ఆ ఆచారాన్ని పుట్టించింది నేనూ మా మరిదీ. దానికి ఇంకా రెండేళ్ళు నిండలేదు.

మా మరిది పేరు సైలస్. నా భర్త ఎఫ్రయిముకి తమ్ముడు. ఎఫ్రయిం పోయాక నాకు కట్టెలు కొట్టి పెట్టేదీ, ఆకులు పండే కాలంలో అడవిబాతులు తెచ్చి గుమ్మంలో పడేసేదీ అతనే. మాలో వదినా మరుదులు ఎదురుపడితే ఏడిపించుకోవాలి. ఏడిపించుకోలేదంటే వాళ్ళ మధ్య ఏదో చెడిందని ఊరు చెవులు కొరుక్కుంటుంది. సైలస్ ఆ మాట ఎప్పుడూ రానివ్వలేదు.

"వదినా, నీ పళ్ళకి నలిగేవి ఏరి తెచ్చాను. ఈకలు పీకు" అనేవాడు బాతులు కింద పడేసి.

"కుర్రబాతుల్ని కొట్టలేని ప్రతివాడూ అదే చెబుతాడు" అనేదాన్ని.

ఆ ఏడాది నదిలో మంచు విరిగిన వారంలో అతను మా ఇంటికి టీకి వచ్చాడు. కెటిల్ అందుకుని, కప్పులోకి చూపుడువేలు పెట్టి, వేలికి వేడి తగిలేదాకా పోశాడు.

"ఏమయ్యా, టీలో వేలు ఉడకేసి తింటావా?" అన్నాను.

నవ్వాడు గానీ ఆ నవ్వు కాస్త ఆలస్యంగా వచ్చింది. వెళ్ళబోతూ తలుపు వెనక తగిలించిన నా కోటు వైపు తిరిగి, "ఏం లోరీన్, నువ్వెప్పుడొచ్చావు?" అన్నాడు. లోరీన్ అతని కూతురు. ఆ కోటు నాది, ఏళ్ళ తరబడి ఆ కొక్కేనికే వేలాడుతోంది.

నేను తలుపుకి అడ్డం నిలబడ్డాను. "ఎన్నాళ్ళ నుంచి?"

"కిందటి బాతుల కాలం నుంచి. ఒక కన్ను ముందు, తర్వాత రెండోది. పొగలోంచి చూస్తున్నట్టు ఉంటుంది వదినా. వెలుగు ఎక్కువైతే ఇంకా అధ్వానం."

"లోరీనుకి తెలుసా?"

"తెలిస్తే పడవ తీసేసుకుంటుంది. పడవ పోతే ఇంక నాకు తాడే గతి."

తాడు అంటే ఏమిటో నాకు విడమరిచి చెప్పక్కర్లేదు. మా మామగారు చూపు పోయి, చివరి కాలమంతా పొయ్యి పక్కన గోడ వైపు తిరిగి కూర్చునేవారు. గుమ్మం నుంచి కట్టెల దిబ్బ దాకా తాడు కట్టి ఉండేది. దాన్ని పట్టుకుని వెళ్ళి కట్టెలు తెచ్చేవారు, మళ్ళీ దాన్నే పట్టుకుని వచ్చేవారు. అంతకు ముందు ఈ తీరంలో ఆయన పిలిస్తే దిగని బాతు లేదంటారు. నేను కోడలిగా వచ్చేసరికి ఆయనకి మిగిలింది ఆ తాడంత దూరమే.

మంచు పడేముందు కంటి డాక్టరు ఏటా మా ఆసుపత్రికి వస్తాడు. డాక్టరు వచ్చే వారం సైలస్ తప్పకుండా అడవిలో ఉంటాడు. "వాళ్ళు చూస్తారు, దక్షిణానికి పంపిస్తారు. మా అమ్మని అలాగే పంపారు" అనేవాడు. వాళ్ళమ్మని ఛాతీ జబ్బని ఓడ ఎక్కించి తీసుకుపోయారు. సైలస్ అప్పటికి ఇంకా చంకలో పిల్లాడు. ఆవిడ తిరిగి రాలేదు. ఎక్కడ పూడ్చారో మాకెవరికీ తెలియదు. అందుకని నేను కూడా ఆసుపత్రి మాట గట్టిగా ఎత్తలేకపోయాను.

సైలస్ బతుకంతా ఆ పడవే. ఊరు చూడవచ్చినవాళ్ళని పడవలో జేమ్స్ అఖాతం ఒడ్డుకి తీసుకెళ్ళడం అతని పని. వాళ్ళు ముందు ఊళ్ళో తిరుగుతారు. వరదొస్తే చర్చి తేలి కొట్టుకుపోకుండా దాని చెక్కనేలకి పెట్టిన చిల్లులు చూస్తారు, బొచ్చుతోళ్ళ వర్తకుల పాత ఇల్లు చూస్తారు, నా గుడారంలో కూర్చుని బానక్ రొట్టె తింటారు. ఆ తర్వాత అందరికీ అఖాతం కావాలి. అక్కడ నేలకీ నీటికీ హద్దు ఉండదు. పోటులో గడ్డి దాకా నీళ్ళు, పోటు తీస్తే కంటికి ఆనేంత మేర బురద. నది అఖాతంలో కలిసేచోట లోతు దారి ఒక్కటే ఉంటుంది. ప్రతి వసంతంలో మంచు దాన్ని అటూ ఇటూ తోసేస్తుంది. మేం కర్రలు పాతి, గుడ్డలు కట్టి గుర్తు పెట్టుకుంటాం.

ఆ గుడ్డలు సైలస్‌కి కనబడటం లేదు.

"నేను ముందు కూర్చుంటాను" అన్నాను. "ఒకసారి కొడితే ఎడమకి తిప్పు. రెండుసార్లు కొడితే కుడికి. అరచెయ్యి ఆనిస్తే ఆపెయ్. ఇంకో మాట, నేను పక్కన లేకుండా తుపాకీ ముట్టుకోకూడదు."

"మా అన్నకి పెట్టినన్ని ఆంక్షలు నాకూ పెడుతున్నావే!"

"మీ అన్నకి ఒక్క ఆంక్ష కూడా పెట్టలేదు. అందుకే అంత తొందరగా పోయాడు."

అలా మొదలైంది. మొదటిసారే ఒక పెద్దమనిషి అడిగాడు, ఆవిడ ఎందుకలా కొడుతోందని. వెనక నుంచి సైలస్ కళ్ళు కూడా ఆర్పకుండా, "మా పూర్వీకుల ఆచారం. మేం వస్తున్నామని నదికి చెబుతాం" అన్నాడు. ఆ పెద్దమనిషి టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. నవ్వు ఆపుకోలేక నా బుగ్గలు నొప్పెట్టాయి.

లోరీన్ మా ఊరి పర్యాటక కార్యాలయంలో పని చేస్తుంది. ఆ కబురు వచ్చినవాళ్ళ నోటి నుంచి ఆమె చెవిన పడింది.

"పెద్దమ్మా, మా నాయనమ్మ కూడా ఇలా దరువు వేసేదా?" అని అడిగింది.

"మీ నాయనమ్మ ఇంకా గట్టిగా వేసేది" అన్నాను.

ఎండాకాలం గడిచేసరికి బోర్డు లేచింది.

*

టామరాక్ చెట్లు పసుపు తిరిగిన రోజుల్లో మోయిరా, కెన్ అనే దంపతులు రైలు దిగారు. దక్షిణాన ఏదో పెద్ద ఊరు వాళ్ళది. కెన్ పొడవాటి మనిషి, ఎప్పుడూ చలిగానే ఉంటుంది ఆయనకి. మోయిరా గుండ్రంగా, హుషారుగా ఉంటుంది. చూసినదల్లా చెయ్యి పెట్టి నేర్చుకోవాలంటుంది.

నా గుడారంలో కూర్చుని పుల్లల బాతు కట్టడం నేర్చుకుంది. టామరాక్ పుల్లల్ని కట్టలు కట్టి, వంచి, దారంతో బిగించి మేం బాతు బొమ్మలు చేస్తాం. చిన్నవి వచ్చినవాళ్ళు కొనుక్కుంటారు. పెద్దవి వేటకి. వాటిని బురదలో నిలబెడితే పైన ఎగిరే బాతులు తమవాళ్ళే మేస్తున్నారనుకుని దిగుతాయి. మోయిరా కట్టిన బాతు బూటులా వచ్చింది. అయినా సంచిలో పెట్టుకుంది.

కూత మాత్రం వేరే సంగతి. సైలస్ వచ్చిన ప్రతివాళ్ళకీ బాతు కూత నేర్పేవాడు. ఎవరు కూసినా కుక్కపిల్ల తోక తొక్కినట్టే వచ్చేది, అందరూ నవ్వుకునేవాళ్ళు. మోయిరా రెండు అరచేతులూ నోటికి అడ్డం పెట్టుకుని కూసేసరికి రేవులో ఉన్న కుక్కలు తలెత్తి ఆకాశం వైపు చూశాయి.

సైలస్ ముఖం వెలిగిపోయింది. "వదినా, విన్నావా? ఈవిడ గొంతులో బాతు ఉంది! ఇంకోసారి అనమ్మా. చివర్లో కొంచెం విరగ్గొట్టు. ఇదిగో, ఇలా."

ఆ చివరి విరుపు మా మామగారిది. ఈ తీరంలో ఒక్కో ఇంటివాళ్ళది ఒక్కో కూత. దూరం నుంచి విని ఏ మాటులో ఎవరున్నారో చెప్పేస్తాం. ఆ విరుపు ఎఫ్రయిముకి కూడా సరిగ్గా పట్టుబడలేదు. మోయిరా పట్టేసింది. ఆ సాయంత్రమంతా అదే సాధన చేసింది. కెన్ చెవుల్లో దూది పెట్టుకున్నాడు.

మర్నాడు పొద్దున పోటు మీద బయల్దేరాం. నేను ముందు కూర్చుని దరువు వేశాను. కర్రలు దాటుకుంటూ అఖాతం ఒడ్డు చేరాం. నీళ్ళు తీసేలోపే పుల్లల బాతుల్ని బురదలో నిలబెట్టాం. విల్లో కొమ్మలతో మాటు కట్టాం. సైలస్ పక్కన నేను కూర్చున్నాను. బాతులు వచ్చినప్పుడు పెదవి కదపకుండా చెప్పాను. "నీ ఎడమ భుజం మీద. దిగుతున్నాయి. ఇంకా. ఇప్పుడు." రెండు పడ్డాయి. కెన్ చప్పట్లు కొట్టబోయి ఆగిపోయాడు. మోయిరా ఫొటోలు తీసింది.

ఆ తర్వాత గుంపులు పలచబడ్డాయి. గట్టు వెనక నేను మంట వేశాను. ఒక బాతుని ఈకలు పీకి, తాడు కట్టి మంట పక్కన వేలాడదీశాను. అది మెల్లగా తిరుగుతూ కాలాలి. కొవ్వు కిందున్న గిన్నెలోకి కారుతూ ఉంటే మధ్య మధ్య తాడు మెలిపెట్టాలి. ఒదిలేస్తే ఒక పక్కే మాడుతుంది. కెన్ వచ్చి బూట్లు మంట వైపు చాపుకుని కూర్చున్నాడు. పోటు తీసింది, పడవ బురద మీద ఒరిగింది. మళ్ళీ నీళ్ళు వచ్చేదాకా ఎవరూ ఎక్కడికీ పోలేరు. అలాంటప్పుడు నాకు చాలా హాయిగా ఉంటుంది.

సైలస్ మాటులోనే ఉన్నాడు. తుపాకీ పక్కన ఉంది.

అప్పుడు కూత వినబడింది. కింద బురద వైపు నుంచి, ఎడమగా, చాలా దగ్గర. మంచి కూత. ఒంటరి బాతు దిగినట్టుంది అనుకున్నాను. మళ్ళీ వినబడింది. ఈసారి చివర్లో విరుపు వినిపించింది. మా ఇంటివాళ్ళెవరో నా చెవి పక్కనే కూసినట్టు తల తిప్పాను. ఎందుకో అర్థమయ్యేలోపే తుపాకీ పేలింది.

కెన్ లేచి చుట్టూ చూశాడు. "మోయిరా ఏది?"

ఆవిడ సంచి మంట పక్కనే ఉంది. ఆవిడ లేదు.

నేను పరుగెత్తాను. ఈ వయసులో, ఆ బురదలో, రబ్బరు బూట్లతో. ఒక బూటు దిగబడి ఊడిపోయింది. వెనక్కి చూడలేదు. మేజోడుతోనే పరుగెత్తాను. మాటు దాటేసరికి సైలస్ నిలబడి ఉన్నాడు. పడింది, పడింది అంటూ నవ్వుతున్నాడు. "దగ్గరికే వచ్చింది వదినా! నువ్వు చెప్పకుండానే కొట్టాను!"

పుల్లల బాతులు గడ్డి వైపు జరిగి ఉన్నాయి. వాటిని ఎవరో అందంగా వరసలో పెట్టారు. వాటి వెనక గడ్డి కదలడం లేదు.

అప్పుడు గడ్డిలోంచి చాలా సన్నగా ఒక గొంతు వినబడింది.

"నేను బాతుని కాదు."

"ఎవరది?" అన్నాడు సైలస్. అతని నవ్వు ఇంకా ముఖం మీదే ఉంది.

"నేను! మోయిరాని! దయచేసి మళ్ళీ కాల్చకండి, నేను బాతుని కాదు!"

బురదలోంచి ఒక ఆకారం లేచింది. తల నుంచి పాదాల దాకా బూడిదరంగు మట్టి. ఫొటో కోసం గడ్డి వెనక బోర్లా పడుకుందట. బాతులు నిజంగా దిగుతాయేమోనని కూసిందట. ఆవిడ చేతిలో నా పెద్ద పుల్లల బాతు ఒకటి ఉంది. దాని తల లేదు.

"మీరు దీన్ని చంపేశారు" అంది. నవ్వబోయింది, పళ్ళు టకటకా కొట్టుకున్నాయి.

సైలస్ చేతిలోంచి తుపాకీ జారింది. చేతులు ముందుకు చాపుకుని, గుంటల్లో పడుతూ లేస్తూ ఆవిడ దగ్గరికి వెళ్ళాడు. ఆవిడ తల, భుజాలు, చేతులు తడిమాడు. "ఎక్కడ తగిలింది? చెప్పమ్మా, ఎక్కడ తగిలింది?" అని క్రీలోనే అడుగుతున్నాడు. ఆవిడకి క్రీ రాదు. అయినా అర్థమైంది. అతని చేతులు రెండూ పట్టుకుంది. "ఎక్కడా తగల్లేదు. నిజంగా. ఎక్కడా లేదు."

నేను కూడా చూశాను. ఒళ్ళంతా చూశాను. మట్టి తప్ప ఏమీ లేదు. గుళ్ళన్నీ ఆ బాతు తలలోకీ, పక్కన గడ్డిలోకీ పోయాయి. ఉన్నచోటే బురదలో చతికిలపడ్డాను. మేజోడులోంచి చల్లటి నీళ్ళు పైకెక్కుతున్నాయి. అంత హాయిగా ఎప్పుడూ కూర్చోలేదు.

కెన్ వచ్చి భార్యని గట్టిగా పట్టుకున్నాడు. తర్వాత మా వైపు తిరిగి అరవడం మొదలుపెట్టాడు. అరవాల్సిందే, నాకు తప్పనిపించలేదు. మనిషికీ బాతుకీ తేడా తెలియనివాడు తుపాకీ ఎలా పట్టుకుంటాడన్నాడు.

"తెలియలేదు" అన్నాడు సైలస్ ఇంగ్లీషులో, నెమ్మదిగా. "ఆవిడ నాకు కనబడలేదు. మీరు కూడా సరిగ్గా కనబడటం లేదు. చెవిని నమ్ముకుని కాల్చాను. అది మా నాన్న కూత. ఆ కూత విని పొరపాటు పడతానని ఎన్నడూ అనుకోలేదు."

ఆ మాట అతను బయటి మనుషుల ముందు, తన నోటితో తను అన్నాడు. నేను తుపాకీ తీసి తూటాలు బయటికి లాగి కోటు జేబులో వేసుకున్నాను. అతను కాదనలేదు.

కెన్ కోపం కొంచెం ఆగింది. ఏదో లెక్క తేలనట్టు మా ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. "కనబడకపోతే పొద్దున పడవ ఎలా నడిపారు?"

నేను పక్కనున్న దుంగ మీద ఒకసారి కొట్టాను. "ఇది ఎడమ." రెండుసార్లు కొట్టాను. "ఇది కుడి."

ఆయన నోరు తెరిచాడు. ముందు మోయిరాకే నవ్వొచ్చింది. వణుకుతూనే నవ్వింది. "మరి పూర్వీకులు?"

"ఆ పూర్వీకురాలిని నేనే" అన్నాను.

బాతు ఒక పక్క మాడింది. మోయిరాని మంట దగ్గర కూర్చోబెట్టి, నా శాలువా కప్పి, వేడి కొవ్వు పూసిన రొట్టె పెట్టాను. పోటు రావాలి, ఇంకేం చేస్తాం. కెన్ మొదటి ముక్క కోపంగా తిన్నాడు. రెండోది అడిగి తిన్నాడు. తిన్నాక ఎముకల్ని ఏరి, దారంతో విల్లో కొమ్మకి కట్టాను. కుక్కలు ఈడ్చకుండా, బాతులు మళ్ళీ ఏడాది మా మీద కోపం లేకుండా రావాలని అలా కడతాం. సైలస్ బురదలోకి వెళ్ళి, చేతులతో వెతికి, పుల్లల బాతు తల ముక్కలు ఏరుకొచ్చాడు. వాటిని కూడా ఎముకల పక్కనే కట్టమన్నాడు.

"ఇది పుల్లలయ్యా!" అన్నాను.

"నేను కొట్టాను కదా. మర్యాద చెయ్యాలి" అన్నాడు.

తలలేని బాతుని తనకిమ్మని మోయిరా అడిగింది. ఇచ్చాను.

తిరుగు ప్రయాణంలో దరువు దాపరికం లేకుండా వేశాను. కెన్ నా పక్కనే కూర్చుని కర్ర కనబడగానే వేలు చూపించి, "ఎడమ, ఎడమ!" అని నాకన్నా ముందే అరిచాడు.

రేవులో లోరీన్ ఉంది. దంపతులు ఏం చెబుతారో, ఎలా చెబుతారో అని వాళ్ళ ముఖాలు చూశాను. సైలస్ వాళ్ళకి ఆ అవకాశం ఇవ్వలేదు. పడవ కట్టకముందే అన్నాడు.

"అమ్మాయ్, ఈ పడవ ఇక నా చేతికివ్వకు. నాకు కళ్ళు కనబడటం లేదు."

లోరీన్ వాళ్ళ నాన్నని చూసింది, మట్టిముద్దలా ఉన్న మోయిరాని చూసింది, చివరికి నా వైపు తిరిగింది. "పెద్దమ్మా, నీకు తెలుసా?"

తల ఊపాను.

"నాయనమ్మ గట్టిగా కొట్టేదన్నావు! బోర్డు రాయించాను!" అని ఏడ్చింది. ఆ ఏడుపు బోర్డు కోసం కాదు.

*

ఆ ఏడాది కంటి డాక్టరు వచ్చిన వారం సైలస్ అడవిలో లేడు. ఆసుపత్రి బల్ల మీద నా పక్కన కూర్చుని టోపీ నలుపుతున్నాడు. ఈసారి వచ్చిన డాక్టరు చిన్న వయసు పిల్ల. అతని కళ్ళలోకి వెలుగు వేసి, ఒకటికి రెండుసార్లు చూసి, కుర్చీ వెనక్కి జరుపుకుంది.

"శుక్లాలు" అంది. "రెండు కళ్ళలోనూ ముదిరిపోయాయి. తీసేస్తే బాగానే కనబడుతుంది."

"తీసేస్తే?" అన్నాడు సైలస్.

"అవును, చిన్న పనే. కాకపోతే దక్షిణానికి వెళ్ళాలి."

"మళ్ళీ చెప్పండి."

ఆ పిల్ల మళ్ళీ చెప్పింది. మూడోసారి కూడా చెప్పించుకున్నాడు. తర్వాత చాలా మెల్లగా, "మా నాన్నకి కూడా ఇదేనా?" అని అడిగాడు.

"ఆయన్ని చూడకుండా ఎలా చెప్పనండీ? ఇదే అయ్యుండొచ్చు. కాకపోయీ ఉండొచ్చు."

బయటికి వచ్చాక రోడ్డు మధ్యలో ఆగిపోయాడు. మంచు ఆ రోజే మొదలైంది, అతని భుజాల మీద రాలుతోంది. "ఆ తాడు అవసరం లేదేమో వదినా, ఆయనకి" అన్నాడు. చేయి పట్టుకుని నడిపించాను. కొంత దూరం పోయాక పెద్దగా ఊపిరి వదిలాడు. ఏడాదిగా లోపలే బిగబట్టిన ఊపిరిలా ఉంది అది. "తీసేస్తారట" అన్నాడు. ఇంటికి చేరేదాకా అదే మాట అంటూనే ఉన్నాడు.

దక్షిణానికి నేనూ వెళ్ళాను. రైలెక్కేముందు లోరీన్‌తో, "నన్ను అక్కడే పెట్టేస్తే ఎక్కడ పెట్టారో కనుక్కో" అన్నాడు. వాళ్ళమ్మ సంగతి ఎవరూ ఎత్తలేదు గానీ ముగ్గురం ఆవిడనే తలుచుకుంటున్నాం.

"నువ్వు అక్కడ ఉండిపోతే నాకు కట్టెలెవరు కొడతారు?" అన్నాను. "కళ్ళు పెట్టించుకో, తిరుగు రైలెక్కు. వేరే ఆలోచనలొద్దు."

మొదటి కన్ను కట్టు విప్పినప్పుడు నేను మంచం పక్కనే ఉన్నాను. నర్సు దూది తీసి, నెమ్మదిగా తెరవమంది. తెరిచాడు. కిటికీ చూశాడు, నర్సుని చూశాడు, నా దగ్గర ఆగాడు. కన్ను చికిలించి, దగ్గరికి వంగి, ముఖం అంతా పరికించాడు.

"వదినా" అన్నాడు. "మా అన్న ఇంత ముసలిదాన్ని చేసుకున్నాడా?"

నాకు ఎప్పుడూ జవాబు నాలుక చివరే ఉంటుంది. ఆ రోజు మాత్రం రాలేదు. నవ్వుతూ ఉంటే కళ్ళ నీళ్ళు ఆగలేదు. పక్క మంచం వాళ్ళు నిద్రపోతున్నారు, మెల్లగా అని నర్సు మందలించింది. ఒక్కసారి అతన్ని గెలవనిచ్చాను.

రెండో కన్ను కూడా అయ్యాక తిరుగు రైల్లో కిటికీకి ముక్కు ఆనించి కూర్చున్నాడు. దారంతా, "అదిగో స్ప్రూస్ చెట్టు, అదిగో దుప్పి అడుగులు, అదిగో వంతెన కింద నీళ్ళు" అని చెబుతూనే ఉన్నాడు. నాకు కూడా అవన్నీ కనబడతాయని గుర్తులేనట్టు.

మోయిరా ఒక ఫొటో పంపింది. ఆవిడ ఇంట్లో పుస్తకాల బీరువా మీద తలలేని బాతు, పక్కన బూటులాంటి బాతు. సైలస్ దాన్ని చెయ్యి చాచినంత దూరంలో పెట్టుకుని చూశాడు. "నేను కొట్టినవాటిలో ఈకలు పీకక్కర్లేనిది ఇదొక్కటే" అన్నాడు.

వసంతం వచ్చింది, మంచు విరిగింది, కొత్త దారి వెంట కర్రలు పాతాం. లోరీన్ వాళ్ళ నాన్న చేత ఒంటరిగా పడవ నడిపించి, రేవు మీద నిలబడి చూసి, అప్పుడు పడవ ఇచ్చింది. ఆ వారమే మొదటి బృందం వచ్చింది. నేను అలవాటుగా ముందు కూర్చున్నాను. నది అఖాతంలో కలిసేచోటికి వచ్చేసరికి చెయ్యి దానంతట అదే అంచు మీదకి పోయింది.

"కొట్టకు వదినా" అన్నాడు వెనక నుంచి. "కర్ర కనబడుతోంది. గుడ్డ ఎర్రది. కొస చిరిగింది. అది నీ పాత లంగా కదూ?"

చేతులు ఒళ్ళో పెట్టుకున్నాను. కాస్త వెలితిగా కూడా అనిపించింది. ఇంతలో వెనక కూర్చున్న ఒకావిడ వంగి అడిగింది. "ఏమండీ, ఆ దరువు ఎప్పుడు మొదలవుతుంది? బోర్డు మీద చదివాం."

ఆ బోర్డు తీసెయ్యమని లోరీన్‌కి నేను అంతకు ముందే చెప్పాను. "ఉండనీ పెద్దమ్మా, అందరూ ముందు అదే అడుగుతున్నారు" అంది. వెనక్కి తిరిగి సైలస్ వైపు చూశాను. తీరం అంతా వినబడేలా నవ్వుతున్నాడు.

"వెయ్యి వదినా. నదికి చెప్పాలి కదా, మనం వస్తున్నామని."

ఎర్ర గుడ్డ కర్ర, దాని పక్కన లోతు దారి మాకు కుడి వైపున ఉన్నాయి. నేను కావాలనే ఒక్కసారి కొట్టాను, ఎడమకి. పడవ కుడికి తిరిగింది.